అమ్మమ్మ గురించి పుస్తకం రాయాలనుకునేవారికి: ‘మహా భక్తురాలు’ అన్న మాట దగ్గర ఆగకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మమ్మగారు తొంభై ఏళ్ళు నిండాక గత నెలలో కాలం చేశారని, సంవత్సరీకాల నాటికి ఆమె జీవితం గురించి ముప్పై నలభై పేజీల పుస్తకం అచ్చు వేసి బంధువులకు పంచాలనుకుంటున్నారని రాశారు. ఎవరిని అడిగినా ‘మహా భక్తురాలు, అందరినీ కడుపులో పెట్టుకుని చూసింది’ అంటున్నారు తప్ప అంతకు మించి ఒక్క ముక్క రావడం లేదన్నారు. పుట్టిన తేదీ తెలియదు, పెళ్ళి ఏ సంవత్సరంలో జరిగిందో తెలియదు, ఉన్న ఫోటోలు ఆరు. ఆమె తోటికోడలు ఒకరు, 88 ఏళ్ళావిడ, ఇంకా పల్లెలోనే ఉన్నారు. పొలం పంపకాల దగ్గర మీ అమ్మగారికీ మామయ్యగారికీ మాటలు లేవు కాబట్టి అది రాయాలా వద్దా అన్నది మీ చివరి సందేహం.

నేను ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పాను. ఉద్యోగ విరమణ తర్వాత తెలిసినవాళ్ళ కుటుంబాలకు ఇలాంటి పుస్తకాలు రాయడంలో సాయపడుతున్నాను. ఇప్పటికి ఇరవై దాకా అయ్యాయి. కానీ వీటన్నిటికంటే ముందు రాసిన పుస్తకం మా నాయనమ్మది. దాన్ని తప్పు రాశాను. అందుకే మీకు ఇంత వివరంగా రాయాలనిపించింది.

నాయనమ్మ 1999లో పోయింది. ఇంట్లో తెలుగు చదువుకున్నదాన్ని నేనే కాబట్టి పెద్దకర్మ నాటికి పదహారు పేజీల పుస్తకం రాసే పని నాకే అప్పగించారు. మూడు రాత్రుల్లో రాసేశాను. అందులో మూడు విషయాలు నొక్కి చెప్పాను. ఒకటి, ఆమె జీవితమంతా రామకోటి రాసిన పరమ భక్తురాలు. రెండు, 1977 ఉప్పెనలో చిన్నకొడుకు పోయాక రాముడి మీద అలిగి దాదాపు ఏడాది పాటు ఆ పుస్తకం ముట్టలేదు. మూడు, కోడళ్ళను కన్నకూతుళ్ళలా చూసుకుంది. చదివిన వాళ్ళందరూ కళ్ళు తుడుచుకున్నారు. నాలుగేళ్ళ తర్వాత తెలిసింది, ఆ మూడింటిలో రెండు తప్పులని.

ఆ సంగతికి వచ్చే ముందు మీ తేదీల ఇబ్బంది తీర్చుకుందాం, ఎందుకంటే నా తప్పు బయటపడింది తేదీల వల్లే.

మా నాయనమ్మ దివిసీమ మనిషి, అవనిగడ్డ పక్క ఊరు. తన పుట్టుక గురించి ‘నల నామ సంవత్సరం, శ్రావణమాసం, కృష్ణకు వరద వచ్చిన రోజు’ అనేది. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి కాబట్టి పేరు ఒక్కటి దొరికితే సగం పని అయినట్టే. నల అంటే 1916 ఉగాది నుంచి 1917 ఉగాది దాకా. దానికి ముందు నల 1856, తర్వాతది 1976. మనిషి వయసు చూసుకుంటే ఏదో తేలిపోతుంది. మీ అమ్మమ్మగారి విషయంలో శ్రీముఖ, భవ, యువ అన్న పేర్లు ఎవరి నోటైనా వినిపిస్తాయేమో కనిపెట్టండి. అవి వరుసగా 1933, 1934, 1935 ఉగాదులతో మొదలైన సంవత్సరాలు. నెల, తిథి కూడా తెలిస్తే పాత పంచాంగం చూసి తారీఖు పట్టుకోవచ్చు.

పెళ్ళి గురించి అడిగితే నాయనమ్మ ‘శారదా చట్టం వస్తోందని హడావిడిగా చేసేశారు’ అనేది. ఆడపిల్లకు 14 ఏళ్ళు నిండనిదే పెళ్ళి చేయకూడదన్న ఆ చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆ తేదీ రాకముందే ముడి వేయించేయాలని చాలా ఊళ్ళలో తొందరపడ్డారు. అలా ఆమె పెళ్ళి 1930 మాఘ ఫాల్గుణ మాసాల్లో, పదమూడేళ్ళు నిండాక జరిగిందని తేలింది. ఆడవాళ్ళు తారీఖులు చెప్పరు కానీ ఇలాంటి గుర్తులు చెబుతారు. ‘నయాపైసలు వచ్చిన ఏడు పెద్దవాడు పుట్టాడు’ అంటే 1957. ‘సాగర్ కాలవలకు నీళ్ళు వదిలిన ఏడు’ అంటే 1967. ‘పుష్కరాలకు వెళ్ళివచ్చాక ఆయనకు జబ్బు చేసింది’ అంటే ఏ నదికి వెళ్ళారో అడగండి. గోదావరికైతే 1979, 1991, 2003, 2015. కృష్ణకైతే దాని మరుసటి ఏడు.

ఆధార్ కార్డులో జనవరి 1 అని కనిపిస్తే దాన్ని పుట్టినరోజుగా అచ్చు వేయకండి. తేదీ తెలియని పెద్దవాళ్ళకు చాలామందికి అలాగే రాసేశారు. పొలం దస్తావేజుల నకళ్ళలో ‘ఫలానావారి భార్య, వయసు సుమారు 30’ అన్న మాట ఉంటుంది, అది కొంత నయం. ఆమె కాశీ, గయ వెళ్ళివచ్చి ఉంటే అక్కడి పండాల, అంటే యాత్రికులకు కర్మలు చేయించే పురోహితుల, పుస్తకాల్లో మీ ఇంటిపేరుతో వివరాలు దొరికే అవకాశం ఉంది. ఒక కుటుంబానికి ముత్తవ్వ పుట్టింటి ఊరు అలాగే దొరికింది.

ఇక రామకోటి. రోజుకు వెయ్యిసార్లు రాసినా కోటి పూర్తి కావడానికి 10,000 రోజులు, అంటే 27 ఏళ్ళకు పైగా పడుతుంది. నాయనమ్మ మూడో తరగతి దాకా చదువుకుంది. అక్షరాలు గుండ్రంగా, పెద్దగా, నిదానంగా రాసేది. రోజుకు నాలుగైదు వందలు దాటేవి కావు. 1951లో మొదలుపెట్టి చూపు మందగించేదాకా రాసింది. నిండిన పుస్తకాలు కొన్ని భద్రాచలంలో సమర్పించింది. మిగిలినవి అటక మీద రేకుపెట్టెలో ఉండిపోయాయి. చివరి పుస్తకం అట్ట లోపలి వైపు ఆమె వేసుకున్న లెక్క 68 లక్షల చిల్లర దగ్గర ఆగింది.

2003లో ఇల్లు మరమ్మతు చేయిస్తూ ఆ పెట్టె దించారు. చెదలు పట్టకుండా లోపల వేపాకు, పొగాకు కాడలు వేసి ఉన్నాయి. నేను వేసవి సెలవుల్లో వెళ్ళి పుస్తకాలన్నీ ఎండలో పరిచి వరసగా పేర్చుకుంటూ కూర్చున్నాను. ప్రతి రోజూ రాయడం మొదలుపెట్టే చోట ఎడమ పక్క తిథి వేసుకునేది. ఖాళీ దొరికిన చోట పాల లెక్క, చాకలి పద్దు, ఎవరికో ఇచ్చిన రెండు మానికల మినుముల బాకీ ఉండేవి. శ్రీరామ శ్రీరామ శ్రీరామ అని నాలుగు వరసలు, పక్కనే ‘పాలు 3 రోజులు లేవు’. నాకు చేతులు ఆగిపోయాయి. నేను పుస్తకంలో రాసిన ‘నిరంతర రామనామ స్మరణలో తరించిన’ మనిషి ఈమె కాదు. ఈమె పాలవాడి లెక్క మరిచిపోకుండానే రాముణ్ణి తలుచుకున్న మనిషి. నాకు ఈమే ఎక్కువ నచ్చింది.

పింగళ నామ సంవత్సరం పుస్తకం తీశాను. 1977 నవంబరు 19, కార్తీకమాసం. ఉప్పెన వచ్చిన రోజు. నాకప్పుడు పదిహేనేళ్ళు. బాబాయి కోడూరు వైపు, సముద్రానికి దగ్గర్లో కౌలుకు చేస్తున్న పొలం కోతకు వచ్చిందని చూసుకోవడానికి వెళ్ళాడు. దివిసీమలో, చుట్టుపక్కల తీరంలో ఆ ఒక్క ఉప్పెనకు దాదాపు పది వేల మంది పోయారు. బాబాయి శరీరం దొరకలేదు. దర్భలతో చేసిన బొమ్మకు కర్మ చేశారు.

పుస్తకంలో ఆ రోజు నుంచి పన్నెండు రోజులు ఏమీ లేదు. అది మైల. మైలలో రామకోటి రాయరు. పదమూడో రోజు మళ్ళీ తిథి వేసి ఉంది. అక్కడి నుంచి రోజుకు నాలుగైదు వందలు కాదు, ఏడు వందలు, ఎనిమిది వందలు. కలం ఎంత ఒత్తి రాసిందంటే కాగితం వెనక్కి తిప్పి వేలితో తడిమితే అక్షరాలు తగులుతాయి. అలిగిన మనిషి చేసే పని కాదది. అలా పుష్యమాసం దాకా రోజూ ఉంది. పుష్య బహుళ పంచమి నాడు, అంటే 1978 జనవరి చివర్లో, పేజీ మధ్యలో ఆగిపోయింది. ఆగిన చోట పక్కన రెండు మాటలు: ‘పిల్ల వచ్చింది’.

తర్వాత పేజీలో తిథి కార్తీక పౌర్ణమి. సంవత్సరం కాళయుక్తి. తొమ్మిదిన్నర నెలలు దాటాయి. పక్కన మళ్ళీ రెండు మాటలే: ‘పిల్ల నడుస్తోంది’.

పిల్ల అంటే మా చెల్లెలు, బాబాయి కూతురు. ఉప్పెన నాటికి పిన్ని పురిటికి పుట్టింట్లో ఉంది కాబట్టి ఇద్దరూ బతికారు. నెలల పిల్లను ఎత్తుకుని పిన్ని పుష్యమాసంలో మా ఇంటికి వచ్చింది. అప్పటికి పిన్నికి ఇరవై ఏళ్ళు. ఆ ఏడే నాయనమ్మ ఆమెను బందరులో టీచరు ట్రైనింగుకు పంపి పిల్లను తన దగ్గర పెట్టుకుంది. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. రామకోటి ఆగిన సంగతీ అందరికీ తెలుసు. కానీ ఈ రెండింటినీ కలిపి చూసినవాళ్ళు లేరు. చంకలో పిల్ల, పొయ్యి మీద పాలు, చేతిలో ఉగ్గు గిన్నె ఉన్న అరవై రెండేళ్ళ మనిషి నాలుగు పేజీలు రాయడానికి ఎప్పుడు కూర్చుంటుంది? కొడుకు పోతే ఆగని రామకోటి మనవరాలికి పాలు పట్టడానికి ఆగింది. మేము దానికి అలక అని పేరు పెట్టి, కథ చెప్పుకుని, చివరికి నా చేతుల మీదుగా అచ్చు కూడా వేశాం.

నేను ఆ పుస్తకం పట్టుకుని పిన్ని దగ్గరికి వెళ్ళాను. చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నన్ను అడిగిన మొదటి మాట: ‘కూతురిలా చూసుకుందని ఎందుకు రాశావు?’ నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది: ‘కూతురిని అయిదో తరగతితో మాన్పించింది. నన్ను చదివించింది. నన్ను కూతురిలా చూడలేదు.’

మా మేనత్తను నిజంగానే అయిదో తరగతితో ఆపేశారు. ‘కన్నకూతురిలా’ అన్న మాట ఎంత తేలిగ్గా రాశానో అప్పుడు తెలిసింది. ఆ మాట పిన్నికీ న్యాయం చేయలేదు, అత్తయ్యకూ చేయలేదు. నాయనమ్మకు అంతకన్నా చేయలేదు, ఎందుకంటే పాతికేళ్ళ ముందు కూతురి విషయంలో చేసినదాన్ని ఆమె రెండోసారి చేయలేదు. ఆ మధ్యలో ఆమె ఎంత దూరం నడిచి వచ్చిందో నా వాక్యం మింగేసింది.

పిన్ని ఇంకో సంగతి చెప్పింది, అది మా ఇంట్లో మగవాళ్ళకు ఎవరికీ తెలియదు. కర్మకు ముందు నాయనమ్మ పాలేరు చేత పిన్ని పుట్టింటికి కబురు పంపింది: ‘పచ్చి బాలింతరాలు. గాజుల జోలికి ఎవరూ వెళ్ళవద్దు. వెళితే నేను ఆ గడప తొక్కను.’ కార్తీకంలో తెల్లవారుజామున కాలువలో మునిగి అరటి దొప్పలో దీపం వదిలే మనిషి, ఏకాదశి నాడు మంచినీళ్ళయినా ముట్టని మనిషి అన్న మాట ఇది. ఈ మాటకు ఆమె ఏ శాస్త్రాన్నీ ఆధారం చూపించలేదు.

అందుకని మీకు చెప్పేది ఏమిటంటే, భక్తి అన్న మాటను పుస్తకంలో ముందు పెట్టకండి. ఆమె చేసిన పనులు ముందు పెట్టండి. పొద్దున లేచి మొదట ఏం ముట్టుకునేది, ఏ రోజు ఏం తినేది కాదు, తాను తినకపోయినా పిల్లలకు ఏం వండేది, మొక్కు ఎవరి కోసం మొక్కేది, తీరాక ఎలా తీర్చేది, తీరనప్పుడు ఏం చేసేది. మా ఇంట్లో ఏ పిల్లకు ఒళ్ళు వెచ్చబడినా మోపిదేవి సుబ్బారాయుడికి మొక్కేది, తగ్గగానే పుట్టలో పాలు పోసివచ్చేది. మాఘ పౌర్ణమికి తప్పకుండా హంసలదీవి వెళ్ళి, కృష్ణ సముద్రంలో కలిసే చోట స్నానం చేసి, వేణుగోపాలస్వామి దర్శనం చేసుకునేది. 1977 తర్వాత ఒక్క మాఘ పౌర్ణమికీ వెళ్ళలేదు. సముద్రం కనబడే చోటికే వెళ్ళలేదు. ఇదీ నేను మొదటి పుస్తకంలో రాయలేదు, గమనించలేదు కాబట్టి. ఆమె కోపం ఎక్కడో ఒక చోట ఉండే ఉంటుంది. అది రాముడి మీద కాదు, సముద్రం మీద అని ఇప్పుడు నమ్ముతున్నాను.

ఆమె చెప్పే కథలను కూడా అడిగి రాసుకోండి. ముఖ్యంగా అందరూ చెప్పే కథను ఆమె ఎక్కడ మార్చి చెప్పేదో పట్టుకోండి. పోలి స్వర్గం కథ మీకు తెలిసే ఉంటుంది. అత్తగారు పెద్దకోడళ్ళను వెంటబెట్టుకుని నదికి వెళ్ళి దీపాలు పెడుతుంది. చిన్నకోడలు పోలిని ఇంట్లో వదిలేస్తుంది. పోలి పెరట్లో రాలిన పత్తితో ఒత్తి చేసి, కవ్వానికి అంటుకున్న వెన్న రాసి దీపం వెలిగించి, ఎవరికీ కనబడకుండా బాన బోర్లిస్తుంది. కార్తీకం చివర విమానం వచ్చి ఆమెను బొందితో స్వర్గానికి తీసుకుపోతుంది. అత్తా తోటికోడళ్ళూ ఆమె కాళ్ళు పట్టుకుని వేలాడితే కింద పడిపోతారు. అందరూ చెప్పేది ఇదే. మా నాయనమ్మ చెప్పేటప్పుడు పోలి చేయి కిందికి చాచి అత్తగారిని కూడా పైకి లాక్కునేది. ‘అత్త చెడ్డది కదా’ అని మేము అడిగితే, ‘చెడ్డదే. అయినా కోడలు లాగింది’ అనేది. అంతకు మించి వివరించేది కాదు. ఆమె భక్తి గురించి నాలుగు పేజీలు రాయడం కన్నా ఈ నాలుగు వరసలు అచ్చు వేయడం మేలు.

ఇక బాగా లేని సంగతులు. వీటి గురించి మీరు అడగలేదు కానీ రాయడం మొదలుపెట్టగానే ఎదురవుతాయి. ఉప్పెన తర్వాత దిగువ ఊళ్ళ నుంచి తడిబట్టలతో జనం వచ్చినప్పుడు నాయనమ్మ వాకిట్లో గాడిపొయ్యి తవ్వించి గుండిగలతో గంజి కాయించింది. ఏ కులం వాళ్ళని అడగలేదు. మా అరుగు మీద, నడవలో, వంటింటి గుమ్మం దాకా పడుకున్నారు. మైల, మడి అన్నీ పక్కన పెట్టేసింది. కానీ ఆ జనం తిరిగి వెళ్ళిపోయాక పొలం పనికి వచ్చే మాలపల్లి వాళ్ళకు మళ్ళీ చెంబు విడిగానే పెట్టింది. ఆ చెంబు దొడ్డి గోడ మీద ఉండేది. నేను దాన్ని చూశాను. గంజి సంగతి రాసి చెంబు సంగతి వదిలేస్తే అబద్ధం రాసినట్టే. రెండో కూర్పులో రెండూ రాశాను. మా పెద్దనాన్న కొడుకు ఒప్పుకోలేదు, ‘పోయిన మనిషి పరువు తీస్తావా’ అన్నాడు. నేను మార్చలేదు. ఆ గంజి తాగినవాళ్ళ పిల్లలు, ఆ చెంబుతో నీళ్ళు తాగినవాళ్ళ పిల్లలు ఇప్పటికీ అదే ఊళ్ళో ఉన్నారు. వాళ్ళకు తెలిసిన విషయాన్ని మా పుస్తకం దాచినా దాగదు.

ఈ కొలతతో చూస్తే మీ పొలం పంపకాల గొడవ రాయనక్కరలేదు. అది మీ అమ్మగారికీ మామయ్యగారికీ మధ్య నడుస్తున్నది, అమ్మమ్మగారి జీవితం కాదు. అయితే ‘పిల్లలందరినీ ఒక్కతాటి మీద నడిపింది’ అని మాత్రం రాయకండి. అది చదివిన ఇద్దరికీ ములుకులా గుచ్చుకుంటుంది. రాయాల్సింది వేరే ఉంది. ఆమె బతికి ఉండగా ఆ గొడవలో ఏం చేసిందో కనుక్కోండి. ఇద్దరి ఇళ్ళకూ వెళ్ళేదా? ఒకరి మాట ఇంకొకరికి మోసిందా, మింగేసిందా? పండక్కి సున్నుండలు ఎవరింటికి పంపింది? అది మీ మామయ్యగారినీ అమ్మగారినీ విడివిడిగా అడగండి. ఇద్దరి జవాబులూ రాసుకుని పక్కపక్కన పెట్టి చూడండి. ఏవి కలుస్తాయో అవి అచ్చు వేయండి.

ఎవరిని అడగాలన్నది కూడా ముఖ్యమే. మనవాళ్ళు ముందు కొడుకులను అడుగుతారు. కొడుకులకు అమ్మ వంట గుర్తుంటుంది, ఏడుపు గుర్తుండదు. నా అనుభవంలో ఎక్కువ తెలిసినది కోడళ్ళకు, తోటికోడళ్ళకు, ఇంట్లో పనిచేసినవాళ్ళకు. తెల్లవారుజామున వంటింట్లో ఆమె పక్కన కూర్చున్నది వాళ్ళే. ‘మా అమ్మమ్మ ఎలాంటి మనిషి?’ అని అడిగితే ‘దేవత’ అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. ‘మా అమ్మమ్మకు కోపం వస్తే ఏం చేసేది?’ అని అడగండి. ‘దేనికి పిసినారితనం చేసేది?’ అని అడగండి. మా నాయనమ్మ కోపం వస్తే మాట్లాడకుండా బియ్యం ఏరేది, రాళ్ళు లేకపోయినా. ఈ సంగతి చెప్పింది మా పాలేరు భార్య.

వంశవృక్షం వేస్తారు కదా, ఒక జాగ్రత్త. మన వంశవృక్షాల్లో తాత, ముత్తాత, వాళ్ళ కొడుకులు ఉంటారు. భార్యల దగ్గర ఒక పేరు పెట్టి వదిలేస్తారు, కొన్నిట్లో అదీ ఉండదు. మీరు వేస్తున్నది అమ్మమ్మగారి పుస్తకం కాబట్టి ఆమె పుట్టింటి ఇంటిపేరు, తల్లి పేరు, తల్లి పుట్టిన ఊరు, అక్కచెల్లెళ్ళు, పోయిన పిల్లలు కూడా ఉండాలి. పోయిన పిల్లల గురించి అడగడానికి సంకోచించకండి. ఆ తరం ఆడవాళ్ళు చాలామంది ఒకరిద్దరు పసిబిడ్డలను పోగొట్టుకున్నవారే. మా నాయనమ్మకు బాబాయి కంటే ముందు మూడు నెలల ఆడపిల్ల పోయింది. పేరు పెట్టలేదు. రామకోటి పుస్తకంలో ప్రతి ఏడూ ఒకే తిథి పక్కన చిన్న సున్నా చుట్టి ఉంటుంది. అదేమిటో పిన్నికి తెలుసు.

ఫోటోలు ఆరే ఉన్నాయని బాధపడకండి. ప్రతి ఫోటో కింద అందులో ఉన్నవాళ్ళ పేర్లు ఎడమ నుంచి వరసగా రాయండి. ఎవరో తెలియకపోతే ఇప్పుడే పెద్దవాళ్ళకు చూపించి రాయించుకోండి. ఫోటోలు తక్కువైన చోట వస్తువుల ఫోటోలు తీయించండి: ఆమె కూర్చున్న పీట, కుందులు, అరిగిపోయిన అట్లకాడ, నోటుపుస్తకంలో ఒక పేజీ. అక్షరాలు పెద్దవిగా వేయించండి. చదివేవాళ్ళలో సగం మంది అరవై దాటినవాళ్ళే. అచ్చుకు ఇచ్చే ముందు కనీసం ముగ్గురు పెద్దవాళ్ళకు బిగ్గరగా చదివి వినిపించండి. మా రెండో కూర్పు విని పిన్ని ఒక్క దిద్దుబాటు చెప్పింది. ‘పిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టి’ అని రాశాను. ‘ఉయ్యాల లేదు. మీ తాతయ్య పంచె దూలానికి కట్టింది’ అంది. మార్చాను.

మూడు రాత్రుల్లో పని ముగించాలనుకోకండి. మీకు ఇంకా పదకొండు నెలలు ఉన్నాయి. పుస్తకం రాయడానికి రెండు నెలలు చాలు. మిగిలిన కాలమంతా వినడానికి పెట్టుకోండి. అమ్మమ్మగారి పెట్టెలు, పూజ గూడు, పంచాంగాల కట్టలు, మందుల చీటీలు ఎవరూ సర్దేయకుండా ఈరోజే ఇంటికి ఫోను చేసి చెప్పండి. ఇల్లు శుభ్రం చేసే పేరుతో మొదట పోయేవి అవే. మా రేకుపెట్టె అటక మీదకు చేరబట్టి మిగిలింది.

అన్నిటికంటే ముందు ఆ 88 ఏళ్ళ తోటికోడలుగారి దగ్గరికి వెళ్ళండి. ఫోనులో కాదు, మీరే వెళ్ళండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆమె నడుము వాల్చి లేచాక కూర్చోండి. రికార్డు చేసుకుంటామని ముందే చెప్పి ఒప్పుకుంటేనే చేయండి. అమ్మమ్మగారి ఫోటోలు చేతికివ్వండి. ఆమె మాట దారి తప్పినా అడ్డుపడకండి, తిరిగి ఆమే వస్తారు. మొదటి ప్రశ్న మాత్రం ఇది అడగండి: ‘మీరు ఈ ఇంటికి కాపురానికి వచ్చిన రోజు మా అమ్మమ్మ ఏం పని చేస్తూ కనబడింది?’